ఎడమ రెక్క తీగ

మక్కచేనులో చిలకలు వాలకుండా మా నాన్న పాత క్యాసెట్ల టేపును ఈ కర్ర నుంచి ఆ కర్రకు సాగదీసి కట్టేవాడు. గాలి తగిలితే అది గుయ్యిమని మోగేది, చిలకలు బెదిరిపోయేవి. ఆ టేపునే అన్న ఇంత తెంపుకొచ్చి, గాలి ఎటుందో చూడటానికి గుట్ట మీద కర్రలకు కట్టాడు. మాకు అక్కడ పని ఇచ్చిన సార్ హైదరాబాద్ నుంచి రంగురంగుల రిబ్బన్లు తెచ్చాడు గానీ అవి గట్టి గాలికి తప్ప కదిలేవి కావు. టేపు అలా కాదు. పక్కన నిలబడి ఎవరైనా నిట్టూర్చినా ఊగుతుంది.

నేను నిట్టూర్చే రకం కాదు, వాగే రకం.

"నువ్వు జర నోరు మూసుకుంటే ఏది గాలో ఏది నీ మాటో తెలుస్తదే చెల్లె" అనేవాడు అన్న.

అన్న గురించి చెప్పాలి. మాది ఉప్పునుంతల దగ్గర ఒక ఊరు. అన్న పెళ్లి మాట రాకముందే మహారాష్ట్రకు కూలికి పోయాడు. అక్కడ కొండల మీద హ్యాంగ్ గ్లైడర్లు ఎగరేసే చోట సామాను మోసే పని దొరికింది. హ్యాంగ్ గ్లైడర్ అంటే పెద్ద మూడు మూలల రెక్క. దానికి ఇంజన్ ఉండదు. దాని కింద పట్టీలు కట్టుకుని, కొక్కెం తగిలించుకుని మనిషి బోర్లా వేలాడతాడు. కొండ అంచు నుంచి ఎదురుగాలిలోకి పరుగెత్తితే రెక్క లేస్తుంది, మనిషి దానితో పాటు పోతాడు. మోసీ మోసీ అన్న ఎగరడం నేర్చుకున్నాడు. ఊర్లో చెబితే ఎవరూ నమ్మలేదు. "బొంబాయి పోయినోళ్లు అన్నీ గిట్లనే చెప్తరు" అన్నారు. అప్పుడు అక్కడికి వచ్చిపోయే ఒక సార్, మీ దిక్కు కూడా గుట్టలున్నాయి కదా, చలికాలం అక్కడే పెడదాం అని, నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి పోయే దిక్కు ఒక గుట్ట చూసుకుని మకాం పెట్టాడు. ఎగరడానికి పట్నం వాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లకు వండి పెట్టడానికి నేను పోయాను. రెక్కలను గుట్ట మీదికి చేర్చడానికి మా బావ, అంటే అక్క మొగుడు, మానవపాడు నుంచి జీపు తెచ్చుకున్నాడు.

వండడానికి పోయినదాన్ని తీగ పట్టుకునే దాకా వచ్చాను. గాలి ఎక్కువుంటే రెక్క మనిషి చేతిలో నిలవదు. ముక్కు దగ్గర, అంటే ముందు కొన దగ్గర, తీగలు ఒకరు, పక్క తీగ ఒకరు పట్టుకోవాలి. ముక్కు దగ్గర బావ. ఎడమ పక్క నేను. నా పనల్లా తీగ నా చేతిని పైకి గుంజుతుందో, కిందికి నొక్కుతుందో, ఊరికే ఉందో చెప్పడమే. "లేస్తుంది", "దిగుతుంది", "సమానం". అన్న నా మాట, బావ మాట విని, రెండూ సమానం అయినప్పుడు పరుగెత్తేవాడు.

గాలి చూడటం గురించి సార్ మాకు చాలా చెప్పాడు, నాకు నా తెలివికి తగ్గట్టు ఎక్కింది. గాలి రెండు చెంపలకూ ఒకేలా తగలాలి. ఒక చెంప చల్లబడి ఇంకో చెంప ఊరికే ఉందంటే అది పక్కగాలి, ఆగాలి. ఒకసారి బాగా వచ్చింది కదా అని లేవకూడదు. గాలి దమ్ములు దమ్ములుగా వస్తుంది, ఒక దమ్ము వచ్చి పోయి మళ్లీ వచ్చేదాకా కూర్చుని చూడాలి. దగ్గరున్న టేపునే చూస్తే చాలదు. కింద చెట్లు చూడాలి, ఎవరైనా చెత్త కాలిస్తే ఆ పొగ చూడాలి, గద్దలు ఎక్కడ తిరుగుతున్నాయో చూడాలి. అన్నిటికంటే చెడ్డది వెనక గాలి. వాగు నీళ్లు బండ మీదుగా పారి, బండ దాటగానే సుడులు తిరుగుతాయి చూడండి, అలా గుట్ట వెనక నుంచి వచ్చిన గాలి గుట్ట దాటగానే కిందికి దొర్లి సుడులు తిరుగుతుందట. కంటికి కనపడదు. అందులో రెక్క పడితే దాన్ని ఆడించేది అదే, మనిషి కాదు. వెనక గాలి ఉన్న రోజు రెక్కలు విప్పేవాళ్లం కాదు. పప్పు వండుకుని, తిని, పడుకునేవాళ్లం.

అయినా ఎంత చూసినా చివరికి ఒక మనిషిని ముందు పంపి చూడాల్సిందే. వాడు బాగా తేలాడా, సరే, మిగతావాళ్లు పోతారు. ఆ ముందు పోయేవాడు రోజూ మా అన్నే.

"అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టి సూస్తం గద పిల్లా" అన్నాడు బావ ఒకరోజు, నేను కుండ దగ్గర ఉంటే. "మీ అన్న ఆ మెతుకు."

"నోరు కడుక్కో బావా. పట్టి చూసిన మెతుకును మళ్ల కుండల ఏస్తమా?"

"ఏయం. తింటం."

అన్న నవ్వాడు. నేను గరిటె ఎత్తాను. ఎత్తాను గానీ ఆ మాట కడుపులో పడింది. ఆ రోజు నుంచి అన్న కొక్కెం తగిలించుకున్నప్పుడల్లా నాకు ఆ మెతుకే గుర్తొచ్చేది. పెళ్లి సంబంధం కుదిరి, వచ్చే ఎండాకాలం లగ్గం పెట్టుకున్నవాడు, రోజూ మొదట ఆ అంచు మీది నుంచి పోతున్నాడు, తిరిగి వస్తాడా అని అడిగితే గాలి ఎవరికీ చెప్పదు.

ఇంక ఒక్క మాట గురించి చెప్పాలి. తీగలు వదలమనడానికి సార్ మాకు ఒక ఇంగ్లీషు మాట నేర్పాడు. అది బావ నోటికి తిరగలేదు. బావ ఏళ్ల తరబడి గద్వాల నుంచి గట్టు ఊరి మీదుగా రాయచూరు దిక్కు జీపు నడిపినవాడు. వెనక వేలాడే మనిషి జీపు టాపు మీద చరిచి "పోనియ్ పోనియ్" అంటే బండి ముందుకు ఉరకాలి, అదీ బావకు తెలిసిన చదువు. "ఆ ఇంగ్లీషు గింగ్లీషు నాకు రాదు. పోనియ్ అను బామ్మర్దీ, ఇడిసిపెడ్త" అన్నాడు. అన్న సరేనన్నాడు. సార్ కిందుండేవాడు, దిగే చోట, ఆయనకు తెలియదు. అలా పోనియ్ అనేది మా గుట్ట మీద ఎగిరే మాట అయిపోయింది.

ఆ రోజు ఎండ బాగా కాసింది. మా గుట్ట ముఖం పడమటికి. పొద్దు తిరిగాక ఆ ముఖం మీద ఎండ పడుతుంది, బండలు కాలుతాయి, కాలిన బండల మీది నుంచి గాలి పైకి పాకుతుంది. అది మాకు ఎదురుగాలిలా తగులుతుంది. టేపులన్నీ మా వైపుకు ఊగుతున్నాయి. రెండు చెంపలకూ సమానం. పట్నం వాళ్లు కాలవ అవతల, దిగే చోట సార్ దగ్గర నీడలో కూర్చున్నారు. ముందు అన్న పోయి చూస్తే, జీపు కిందికి పోయి వాళ్లను ఎక్కించుకుని రావాలి.

అన్న కొక్కెం తగిలించుకున్నాడు. నేను కొక్కెం గుంజి చూశాను, అది కూడా నా పనే. బావ ముక్కు తీగలు పట్టుకుని అన్నకు ఎదురుగా, కొంచెం కిందుగా నిలబడ్డాడు.

"ఏమంటది?" అన్నాడు అన్న.

"సమానం" అన్నాను.

"ఇక్కడ గూడ సమానమే" అన్నాడు బావ.

అన్న కదల్లేదు. ముందుకు చూశాడు. టేపును చూశాడు. టేపు ఒక్కసారి చచ్చిపోయినట్టు కిందికి వాలింది, కొంచెంసేపు అంచు దిక్కుకు తిరిగింది, మళ్లీ మా వైపుకు వచ్చి ఊగింది.

"ఏందది?" అన్నాడు.

"దమ్ము తీస్తుంది లే" అన్నాడు బావ. "బండల నుంచి వస్తుంది గద. ఏం బామ్మర్దీ, పిల్ల యాదికొచ్చిందా?"

"ఊకో బావా." అన్న ఇంకాసేపు ఆగాడు. గాలి మళ్లీ నిండుగా వచ్చింది. నా చేతిలో తీగ బిగుసుకుంది. అప్పుడు అన్న మెడ కొంచెం నా వైపుకు తిప్పి, లోపలి గొంతుతో అన్నాడు. "ఎందుకో మనసొప్పుతలేదు. పోనియ్ బావా."

ఇంట్లో కూర మాడితే అమ్మ అనే పోనియ్ అది. ఆటో వాడితో గొడవ పడి, విసిగి, అనే పోనియ్. వద్దు తియ్, ఇవాళ్టికి వదిలేద్దాం అని. నేను పక్కనున్నాను కాబట్టి మొత్తం విన్నాను. బావ ముందున్నాడు, చెవుల నిండా గాలి. ఆయనకు చివరి మాటే అందింది.

బావ వదిలేశాడు. వదిలి పక్కకు వంగాడు.

ముక్కు లేచింది. లేచిన రెక్కను మనిషి ఆపలేడు, అప్పుడు పరుగెత్తడమే. పరుగెత్తకపోతే అది మనిషిని తీసుకుని వెనక్కి తిరగబడుతుంది. అన్న పరుగెత్తాడు. నా చేతిలో ఎడమ తీగ ఉంది. నాకు తెలుసు, అన్న వద్దన్నాడని నాకు తెలుసు. కానీ ముక్కు పోయాక పక్క తీగ పట్టుకుంటే రెక్క ఆ పక్కకు తిరిగి బండలకు కొడుతుంది. సార్ ఎన్నోసార్లు చెప్పిన మాట అది. ముక్కు వదిలితే నువ్వూ వదలాలి, ఏమనిపించినా వదలాలి. తీగ నా వేళ్లలో నుంచి జారిపోయింది. నేనే తెరిచాను వేళ్లు.

అన్న అంచు దాటాడు. రెక్క ఒక్కసారి కిందికి దిగి, బండల గాలి తగిలి పైకి లేచింది. మా తలల ఎత్తుకు వచ్చింది.

"అగో! ఎట్ల లేచిండు సూడు!" బావ చేతులు చరిచాడు. "మరదలా, ఏందే గట్ల నిలబడ్డవ్?"

"బావా, అన్న వద్దన్నడు."

"ఎప్పుడన్నడు? పోనియ్ అన్నడు గద."

"పోనియ్ అంటే పొమ్మని కాదు బావా. మనసొప్పుతలేదు, ఇడిసిపెట్టు అని."

బావ ముఖం చూడలేకపోయాను. ఆయన రెండు చేతులూ ఇంకా తీగలు పట్టుకున్నట్టే ముందుకు చాపి ఉన్నాయి.

అప్పుడే మా మీద నీడ పడింది. చిన్న మేఘం. ఎండ పోయి మళ్లీ వచ్చింది. నీడ మా వెనక నుంచి వచ్చి, మా మీదుగా పోయి, గుట్ట కిందికి దిగి, పత్తి చేల మీద పడమటికి పోతోంది. నేను దాన్ని చూస్తూ నిలబడ్డాను. మేఘం తనంత తాను నడవదు కదా. పైన గాలి మా వెనక నుంచి వస్తోంది. మాకు ముఖానికి తగులుతున్నది ఎండకు కాలిన బండల ఊపిరి మాత్రమే. టేపు అబద్ధం చెప్పలేదు. దానికి తెలిసినంత అది చెప్పింది.

వాకీటాకీ గరగరమంది. సార్ గొంతు.

"కింద గాలి కొండ వైపు నుంచి వస్తోంది. పైన ఎలా ఉంది?"

"ఎదురుంది సార్."

"ఎదురా? సరిగా చూడమ్మా."

"ఎదురే ఉంది సార్. కానీ మబ్బు నీడ మా ఎనకనుంచి పోతుంది."

"ఎగిరాడా?"

"ఎగిరిండు సార్."

"కొండకు దూరంగా పొమ్మని చెప్పు. వెంటనే చెప్పు. ఎత్తు కోసం అక్కడే తిరగొద్దని చెప్పు."

అన్న హెల్మెట్‌లో మా మాట వినపడుతుంది. కానీ రెండు చేతులూ రెక్కను తిప్పే కడ్డీ మీద ఉంటాయి, తిరిగి మాట్లాడలేడు. విన్నాడో లేదో మాకు తెలియదు. "అన్నా, ఎనక గాలి. గుట్టకు దూరం పో. దూరం పో అన్నా" అని చెప్పాను. మళ్లీ చెప్పాను. జీవితమంతా నా మాటలు ఎక్కువని తిట్టారు, ఆ రోజు ఎన్ని మాట్లాడినా ఒక్కటీ పోయి తగిలినట్టు అనిపించలేదు.

రెక్క ముందుకు తిరిగింది. విన్నాడు అనుకున్నాను. అంతలో దాన్ని ఎవరో పైనుంచి అరచేత్తో కొట్టినట్టు ముక్కు కిందికి పడింది. లేచింది. కుడి పక్కకు వాలింది, వాలి, ఇంక లేవదనుకున్నప్పుడు లేచింది. ప్రతిసారీ కొంత ఎత్తు పోయింది. కాలవ దాటితే దిగే చోటు. కాలవ దాటేంత ఎత్తు లేదు. అది మాకు పైనుంచి కనపడుతోంది, అన్నకూ కనపడి ఉంటుంది. కాలవకు ఇవతలే తిరిగాడు, గాలికి ఎదురుగా దిగాలని గుట్ట వైపుకు ముఖం తిప్పాడు. పత్తి చేను మీద రెక్క నీడ రెక్కకు దగ్గరైంది. రెండూ కలిశాయి.

దిగినవాడు బాగుంటే రెక్క ముక్కు పైకెత్తి చూపిస్తాడు. పైనున్నవాళ్లకు అదే సంకేతం. మేము చూశాం. రెక్క లేవలేదు.

గుట్ట దారిలో ఎలా దిగానో నాకు గుర్తులేదు. జీపు దారి చుట్టు తిరుగుడు, అందుకే కాలిదారిన ఉరికాం. సార్ వాళ్లు కాలవ అవతల ఉండిపోయారు, వంతెన దాకా చుట్టి రావాలి. బావ ముందు ఉరుకుతూ ఫోన్‌లో అంబులెన్స్ వాళ్లతో అరుస్తున్నాడు.

"గుట్ట కింద సార్! ఏ గుట్టంటే... గుట్ట సార్, గుట్ట! ఊరి పేరా? ఊరు లేదు, చేను. ఎవరి చేనా? నాకేం ఎరుక సార్ ఎవరి చేనో!"

చేను దగ్గరికి వచ్చేసరికి అన్న పడి ఉన్నాడు. రెక్క అతని మీద కప్పుకుని ఉంది, గుట్ట వైపుకు ముఖం పెట్టి. కళ్లు తెరిచే ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతికి పైన, వంగకూడని చోట వంగి ఉంది.

"అన్నా!"

"అరవకే" అన్నాడు. "బతికే ఉన్న."

బావ చేతులు జోడించాడు. దేనికో, ఎవరికో. "బామ్మర్దీ" అన్నాడు, ఇంకేం రాలేదు.

"బండి తొవ్వకు పో బావా" అన్నాడు అన్న. "వాళ్లకు తొవ్వ దొరకదు." బావ కళ్లు తుడుచుకుంటూ రోడ్డు దిక్కు ఉరికాడు.

నేను అన్న దగ్గరికి వంగబోయాను. అప్పుడే గాలి వచ్చింది. రెక్క ముక్కు లేచింది. కొక్కెం ఇంకా అన్న పట్టీలకే ఉంది కాబట్టి రెక్క లేస్తే అన్న కూడా గుంజుకుపోయాడు. ఆ అరుపు నేను చెప్పను. ఎగిరి ముక్కు మీద పడ్డాను. రెక్క కిందికి నొక్కుకుపోయింది. అన్న అరుపు ఆగింది.

కొక్కెం తీద్దామంటే అది అన్న నడుము వెనక ఉంది, నేను రెక్క చివర ఉన్నాను. లేచి పోదామంటే రెక్క లేస్తుంది. ఒక దమ్ము పోయింది, ఇప్పుడు పోవచ్చు అని మోకాళ్ల మీద లేస్తాను, ఇంకోటి వచ్చేది. ఎండలో గంటల తరబడి గాలి కోసం కూర్చున్న రోజులున్నాయి మాకు. రాలేదని తిట్టుకునేవాళ్లం. ఇప్పుడు ఆగదు. అన్న నాకు రెండు బారల దూరంలో ఉన్నాడు. రెక్క బట్ట కింది నుంచి అతని ముఖం కనపడుతోంది. పెదవులు ఎండిపోయాయి.

"నీళ్లున్నయా?"

"జీపుల ఉన్నయి అన్నా." జీపు గుట్ట మీద ఉంది.

"సరే తియ్."

పత్తి ఏరే ఆడవాళ్లు గట్టు మీద వచ్చి నిలబడ్డారు. ఒళ్లో పత్తి, నెత్తి మీద చేతులు.

"పెద్దమ్మా, జర ఇటు రా! దీని మీద కూసో, నేను మా అన్న తాన్కి పోత!"

"అమ్మో, పేల్తదేమో!"

"పేలదు పెద్దమ్మా, బట్టనే ఇది! గుడారం బట్ట!"

"ఇమానం పేల్తదని టీవీల సూపెట్టిండ్రు."

"ఇంజనే లేదు దీనికి! నీకు దండం పెడ్త!" దండం పెట్టడానికి కూడా చేతులు ఖాళీ లేవు. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఒక ముసలామె ఒడిలోని పత్తి గట్టు మీద కుప్పబోసి, "సస్తే సస్తిమి" అని వచ్చి, నా పక్కన రెక్క మీద బరువంతా వేసి కూర్చుంది. "పో. పోయి సూడు మీ అన్నను."

పాకుతూ పోయాను. కొక్కెం తీశాను. కదిలించకూడదని సార్ చెప్పింది గుర్తొచ్చి చున్నీ విప్పి ముఖానికి నీడ పట్టాను. ఇంకో చేత్తో అన్న కుడి చేతి వేళ్లు తీసుకున్నాను.

"నా చెయ్యి పట్టుకో అన్నా."

"పట్టుకున్న గదనే" అన్నాడు.

అతని వేళ్లు నా అరచేతిలో తెరిచే ఉన్నాయి.

అంబులెన్స్ వచ్చింది, నాగర్‌కర్నూల్ దవాఖాన, అక్కడి నుంచి హైదరాబాద్. ఎముకకు ప్లేటు వేశారు, ఎముక అతుక్కుంది. ఎముక వెంట పోయే నరం నలిగిందట. అది తిరిగి వస్తుందా అని డాక్టరును అడిగితే, రావచ్చు, రాకపోవచ్చు, చూడాలి అన్నాడు. మకాం ఎత్తేశారు. బావ జీపు అమ్మేస్తానంటాడు, అన్న ముందు కూర్చుని తలెత్తడు. "నీదేముంది బావా, నేనన్న మాటనే గద" అంటాడు అన్న. ఎన్నిసార్లు అలా అన్నా బావకు తిన్నది ఒంటపట్టదు. పిల్ల తరఫువాళ్లు లగ్గం వాయిదా వేశారు, వద్దని అనలేదు.

ఎండాకాలం వచ్చింది. పొద్దున చాయ్ తాగాక అన్న మంచం మీద కూర్చుని కుడి చెయ్యి దిండు మీద పెట్టుకుంటాడు. మణికట్టు నుంచి చెయ్యి కిందికి వాలి ఉంటుంది. కళ్లు మూసుకుని బలమంతా అందులోకి పంపుతాడు. మెడ నరాలు ఉబ్బుతాయి. నేను చూపుడువేలు వంకే చూస్తాను, రెప్ప కొట్టకుండా.

"కదిలిందా?"

కదిలినట్టే ఉంటుంది. నా కళ్లే కదిలాయేమో కూడా.

"జర కదిలినట్టున్నది అన్నా" అంటాను.

"ఉన్నది గాదు. కదిలిందా, లేదా చెప్పు."

నాకు తెలియదు. ఇంకోసారి చేసి చూడు అంటాను, వంగి ఇంకా దగ్గరగా చూస్తాను.